ఏడు నల్లదారాలు

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఎద్దు మొరాయిస్తే ముల్లుకర్రతో పొడిచేవాణ్ణి, మనిషి ఎదురు చెబితే చెంప పగలగొట్టేవాణ్ణి. నా మొదటి బిడ్డ నాలుగో నెలలో ఏడుపు అందుకున్నప్పుడు మాత్రం ఎవర్ని కొట్టాలో తెలియలేదు. తెలియక, ఇంట్లో దొరికిన మనిషిని కొట్టాను. ఆమె నా భార్య, నా సొంత అక్క కూతురు.

పాలిచ్చినా, ఊయల ఊపినా, వాము నీళ్లు పోసినా వాడి ఏడుపు ఆగేది కాదు. ఏ పుట్టలో ఏ పాముందోనని పాండూరు మొదలు తిరుత్తణి దాకా, ఎవరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి బండి కట్టాను. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు బాలగ్రహం అన్నారు. కనకమ్మ సత్రంలో ఒక ముసలావిడ పక్షి దోషమంది. ఏ దోషమైనా మందు ఒకటే, ఎడమ మణికట్టుకు మంత్రించిన నల్లదారం. మా పక్క అలా కట్టిన దారాన్ని విప్పకూడదు, దానంతట అదే తెగి రాలాలి. పుట్టిన పదకొండో రోజున మా అమ్మ కట్టిన మొదటి దారం మీద ఒక్కొక్కటే చేరి ఏడయ్యాయి.

తర్వాత బిడ్డ చెయ్యి ఉబ్బింది. దోషం వేళ్లలోకి దిగింది, ఇక బయటికి పోయినట్టేనని మా అమ్మ అంటే నేనూ నమ్మాను.

"మామా, ఆ దారాలు తీసి చూస్తామా?" అని నా భార్య ఒకసారి భయపడుతూ అడిగింది.

"బిడ్డను మింగాలని ఉండాదా నీకు?" అని చెంప మీద కొట్టాను. పెదవి చిట్లింది. మళ్లీ అడగలేదు.

ఏడుపు ఆగకపోయేసరికి చివరికి ఆర్.కె.పేట నుంచి వాతలు పెట్టే ముసలాయన్ని పిలుచుకొచ్చాను. మధ్యాహ్నం వసారాలో నిప్పులు రాజేసి పసుపు కొమ్ము కాల్చాడు.

"కాళ్లు గట్టిగా పట్టుకో అబ్బయ్యా. కదిలితే వాత యాడనో పడతాది."

నేనే పట్టుకున్నాను. కొమ్ము పొట్టకు తగిలి చర్మం చుర్రుమంది. బిడ్డ నోరు తెరిచాడు గానీ ఏడుపు రాలేదు, ముఖం నల్లబడింది. రెండో వాతకు ఆయన కొమ్మెత్తేసరికి వంటింట్లోంచి నా భార్య కొడవలితో వచ్చి, బిడ్డను నా చేతుల్లోంచి లాక్కుంది.

మతి పోయి బిడ్డను నరుకుతుందనుకున్నాను. గోడకున్న ముల్లుకర్ర తీసి ఆమె కుడి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె బిడ్డను ఒళ్లో వేసుకుని కూలబడి, కొడవలి ఎడమ చేతికి మార్చుకుని, మొనను దారాల కిందికి దూర్చి పైకి లేపింది. ఆరు తెగిపడ్డాయి. అడుగుదాన్ని మాంసంలోంచి గోటితో లాగాల్సి వచ్చింది. చీము, నెత్తురు కారాయి. బిడ్డ పెరిగాడు, మా అమ్మ కట్టిన దారం పెరగలేదు.

"నువ్వు ఊరూరూ తిరిగి తెచ్చిన సాయమంతా ఇదో ఈడుండాది మామా, చూడు," అంది.

ముసలాయన, అవేవీ తను కట్టినవి కావంటూ సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆమె విరిగిన చేతిని పక్కన వేలాడేసి, రెండో చేత్తో బిడ్డను పట్టుకుని పాలిచ్చింది. వాడు తాగుతూనే నిద్రపోయాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వాడి చెయ్యి బాగుపడింది. ఆమె మణికట్టు వంకరగానే అతుక్కుంది. రెండేళ్లకు ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున మా అమ్మ నల్లదారం తెచ్చి బిడ్డ చెయ్యి అందుకోబోయింది. నా భార్య బిడ్డను ఇంకో పక్కకు మార్చుకుని, తన వంకర మణికట్టు ముందుకు చాపింది.

"దీనికి కట్టు అవ్వా," అంది.

మా అమ్మ దారాన్ని కొంగున ముడేసుకుని వెనక్కి తిరిగింది. నేను లేచి ఎద్దుల దగ్గరికి పోయాను. ముల్లుకర్ర గోడకే ఉండిపోయింది.