పంతొమ్మిది వేల నలభై మూడు

అన్నకు టైఫాయిడ్ వచ్చి రెండో వారం. యుద్ధకాలం. ఈ జ్వరానికి పనిచేసే మందంటూ లేదని, అది దిగేదాకా కాచుకోవడమేనని డాక్టరు చెప్పి వెళ్ళాడు. కాటన్‌పేటలోని మా ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నాము.

ఆ ఉదయం అమ్మ గుడికి బయలుదేరింది, దేవుణ్ణి పువ్వు అడగడానికి. మనసులో మాట అనుకుని నిలబడితే, విగ్రహం మీది పువ్వు కుడి పక్క రాలితే మంచిది. ఎడమ పక్కయితే కాదు.

"నువ్వూ రాయే."

"అన్న దగ్గర ఎవురన్నా ఉండాల కదమ్మా," అన్నాను. ఎడమ పక్క రాలితే చూడలేననే భయం చెప్పలేదు.

వసారాలో అన్న సైకిలు ఉంది. దాని మునిసిపాలిటీ రేకుబిళ్ళ మీద 19043. ప్రధాన సంఖ్య అంటే ఏమిటో నాకు నేర్పింది అన్నే. "ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దాన్ని ముక్కలు చేయలేదే," అనేవాడు. ఈ నంబరు అలాంటిదయితే అన్న బతుకుతాడు అనుకున్నాను. అనుకున్నాక ఆ మాట వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

పలక తీశాను. అంకెలన్నీ కూడితే పదిహేడు, కనుక మూడుతో భాగం పోదు. ఏడుతో భాగిస్తే మూడు మిగిలింది. పదకొండుతో రెండు. శేషం మిగిలిన ప్రతిసారీ అన్న వైపు చూసి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టాను. నూట నలభైని నూట నలభైతో గుణిస్తే ఈ సంఖ్యను దాటిపోతుంది, కనుక అంతవరకూ వెతికితే చాలు. నూట ముప్పై ఒకటితో కూడా పోలేదు. ఇంక రెండే ఉన్నాయి.

నూట ముప్పై ఏడుతో భాగించాను. ఏమీ మిగలలేదు. మళ్ళీ చేశాను. నూట ముప్పై తొమ్మిది సార్లు, సరిగ్గా. ఉన్న రెండూ దాని ముక్కలే.

అమ్మ వాకిట్లోనే అరిచింది. "కుడి పక్కే ఇచ్చినాడే! ఇంక భయం లేదు. నీ మొగమేందే అట్లుండాది?"

"ఏం లేదమ్మా."

జ్వరం మెల్లగా దిగింది. అమ్మ మొక్కు తీర్చుకుంది. నా లెక్క సంగతి నేను రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. దిండుకు ఆనుకుని కూర్చోగలిగిన రోజున, చెరపడం మరిచిన నా పలకను అన్న చూశాడు.

"నా సైకిలు నంబరుకా ఇంత గీకినావు? ఒకటి కలిపి చూడవే. నూట ముప్పై ఎనిమిది వర్గం! వర్గానికి ఒకటి తక్కువంటే, దాని ముందరిదీ తరవాతదీ గుణిస్తే వచ్చేదే. చూస్తానే రెండు ముక్కలని చెప్పొచ్చు కదా, పిచ్చిమొగమా!" అని దగ్గుతూ నవ్వాడు.

నేనూ నవ్వాను. నేను అడగకముందే, జ్వరం రాకముందే, ఆ సంఖ్య అలాగే ఉంది. అన్న సంగతి దానికేం తెలుసు? ఆ మాట నాకు ధైర్యం ఇవ్వాలి. కానీ అన్న మళ్ళీ దగ్గేసరికి లేచి వెళ్ళి నుదుటిమీద చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. చెయ్యి మాత్రం తీయబుద్ధి కాలేదు.