ఏ సంగతీ లోపలికి చేరని రోజులు

షూటింగుల్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. "టచప్!" అని ఎవరైనా కేకేస్తే చాలు, నడుముకు కట్టుకున్న సంచీలోంచి పఫ్ తీస్తూ పరుగెత్తేది. టీవీ సీరియళ్ళ నటులకు మేకప్ చేయడం ఆమె పని. ఏడ్చి వచ్చిన నటికి కళ్ళ కింద నలుపు కప్పేసి, "నువ్వు ఏడ్చిన సంగతి నీకూ నాకూ అద్దానికే తెలుసు" అని నవ్వించి పంపేది. ఆమెకూ నవ్వు ఊరికే వచ్చేది. చన్నీళ్ళతో ముఖం కడుక్కున్నా సంబరమే, బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా సంబరమే. "దీనికి నవ్వడానికి కారణం అక్కర్లేదు" అని అక్క విసుక్కునేది. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆ అక్కే. ఇస్త్రీ దుకాణం నడుపుతుంది, నోరు కూడా ఇస్త్రీపెట్టెలాగే వేడి.

కొకైన్ ఆమెకు మొదట చూపించింది ఒక డాన్సర్. గ్రూపు పాటల్లో వెనక వరుసలో ఆడేవాడు. మంచివాడు. ఈ మాట ఆమె ఇప్పటికీ అంటుంది. తెరిపి లేకుండా పని సాగుతున్న ఒకరోజు మేకప్ వ్యానులో ఆమె కునికిపాట్లు పడుతుంటే, "కొంచెమే, టచప్. నిద్ర ఎగిరిపోతుంది" అన్నాడు. అద్దం ముందున్న డబ్బాల మధ్య అది ఇంకో పౌడరులానే కనిపించింది. పీల్చిన కాసేపటికి లోకాన్నంతా ఎవరో కడిగి ఆరబెట్టినట్టు మెరిసింది.

అంత వెలుగు మళ్ళీ రాలేదు. దానికోసమే మళ్ళీ మళ్ళీ పీల్చింది. పోనుపోను ఎంత పీల్చినా మొదటిసారి చిటికెడుకు వచ్చినంత కూడా వచ్చేది కాదు. చివరికి హుషారు మాట అటుంచి, మామూలు మనిషిలా లేచి నిలబడటానికే అది కావలసి వచ్చింది. చేయి వణికి ఒక నటి కంట్లో కాటుక పెన్సిలు గుచ్చుకుంది. ఆ పిల్లకు కన్ను పోలేదు గానీ టచప్‌కు పని పోయింది. అక్క దుకాణానికి తాళం వేసి వచ్చి, తిట్టుకుంటూ, ఏడుస్తూ, చేయి పట్టుకుని ఆసుపత్రిలో చేర్పించింది.

ఒళ్ళు కోలుకుంది. ఇంటికొచ్చాకే అసలు కష్టం మొదలైంది. అన్నం తింటే ఉప్పు తెలిసేది, రుచిగా అనిపించేది కాదు. వాన పడితే తడి తెలిసేది, అంతే. అక్క కూతురు పాటల పోటీలో గెలిచి పరుగెత్తుకొచ్చి మెడకు వేలాడింది.

"పిన్నీ, నేనే ఫస్టు!"

సంతోషించాలని ఆమెకు తెలుసు. పెదవులు సాగదీసింది. పిల్ల ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, చేతులు వదిలేసి, మెల్లగా వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ వదిలేసిన చేతులు గుర్తొచ్చి కూడా ఆమెకు బాధ కలగలేదు. భయం మాత్రం వేసింది.

"నా లోపల ఏదైనా చచ్చిపోయిందా డాక్టరుగారూ?" అని అడిగింది.

డాక్టరు పెద్దావిడ. తొందరపడి మాట్లాడే మనిషి కాదు. "చావలేదమ్మా, ముడుచుకుంది. మనకేదైనా నచ్చినప్పుడు మెదడులో ఒక కణం డోపమైన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాన్ని అందుకోవడానికి పక్క కణం మీద గ్రాహకాలుంటాయి. పని అయ్యాక మొదటి కణం ఆ డోపమైన్‌ని వెనక్కి తీసేసుకుంటుంది. కొకైన్ ఆ వెనక్కి తీసుకునే దారికి అడ్డం పడుతుంది. ఇక డోపమైన్ అక్కడే పోగుపడుతుంది. రోజూ ఆ హోరు తట్టుకోలేక మెదడు గ్రాహకాల్ని తగ్గించుకుంటుంది. పక్కింట్లో పొద్దస్తమానం మైకు మోగుతుంటే మనం కిటికీలు మూసుకోమూ?"

"ఇప్పుడు మైకు ఆగిపోయింది కదండీ."

"ఆగింది. కిటికీలు ఇంకా మూసే ఉన్నాయి. అందుకే పిల్ల పిలిచినా నీకు వినపడట్లేదు."

"తెరుచుకుంటాయా?"

"చాలామందికి తెరుచుకుంటాయి. నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. అన్నీ తెరుచుకుంటాయని మాటివ్వలేను. ఇంకో సంగతి. ఆ పొడిని గుర్తుచేసేది ఏది కనబడినా, దానికి మాత్రం నీ మెదడు చప్పున లేచి కూర్చుంటుంది. అది ఎప్పటికి మర్చిపోతుందో నేను చెప్పలేను."

అక్క ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న టాల్కం పౌడరు డబ్బా బయట పారేసింది.

కొన్నాళ్ళకు ఫోనొచ్చింది. డాన్సర్ పోయాడు. రిహార్సల్ మధ్యలో గుండె ఆగిపోయిందట. అక్కాచెల్లెళ్ళిద్దరూ బయల్దేరారు. బస్సులో కూర్చున్నాక ఆమె కళ్ళ ముందుకు వచ్చింది అతని ముఖం కాదు. అతని గదిలో బీరువా కింద ఉండే పాత బూట్ల పెట్టె. మిగిలిన పొడి అతను దాంట్లోనే దాచేవాడు. ఆ ఆలోచనను ఎంత తోసినా పోలేదు.

గుమ్మంలోనే అతని తల్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వే కదమ్మా టచప్‌వి? వాడు చెప్తుండేవాడు. ఆ ముఖం చూడలేకపోతున్నాను తల్లీ. నా కొడుకులా కనపడేట్టు చెయ్యి" అని కొడుకు మేకప్ సామాను చేతికిచ్చి, గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేసింది.

లోపల అతనూ, ఆమే. ముక్కు కింద ఎండిన రక్తం తడి దూదితో తుడిచింది. పౌడరు డబ్బా మూత తీసింది. గొంతు వెనక కొకైన్ పీల్చినప్పటి చేదు దిగింది. అక్కడ పీల్చడానికేమీ లేదు, అయినా దిగింది. దేనికీ కదలని మనసు, శవం పక్కన, ఒక్కసారిగా ప్రాణం పోసుకుని లేచింది. ఎప్పుడు వంగిందో, ఎప్పుడు బీరువా కింద చేయి పెట్టిందో ఆమెకు తెలియదు. పెట్టె అంచు వేళ్ళకు తగిలింది. తలెత్తితే అతని చెంప ఆమె కళ్ళకు జానెడు దూరంలో ఉంది, సగం పౌడరుతో.

"అక్కా!" అని అరిచింది.

అక్క తలుపు తోసుకుని వచ్చింది.

"ఆ పెట్టె తీసెయ్. నేనడిగినా నా చేతికివ్వకు."

అక్క వంగి బీరువా కింద చేయి పెట్టింది. పెట్టె చంకలో పెట్టుకుని బాత్రూములోకి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళు పారిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటూనే ఆమె అతని రెండో చెంపకు పౌడరు అద్ది, కనుబొమ్మలు దువ్వి, పెదవులకు కాస్త రంగు తెచ్చింది.

తిరిగొస్తూ బస్సులో అంది: "ఏడుపు రాలేదక్కా. వాడు పోయినందుకు రాలేదు. పెట్టె కోసం మాత్రం నేలమీద పాకాను."

ఎప్పుడూ నోరు ఊరుకోని అక్క ఆమె చేయి అందుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆమె మళ్ళీ షూటింగులకు వెళ్ళలేదు. కృత్రిమ అవయవాలు చేసే వర్క్‌షాపులో చేరింది. సిలికాన్ చెవులకూ వేళ్ళకూ, పెట్టుకోబోయే మనిషి ఒంటి ఛాయకు సరిపడా రంగు వేయడం అక్కడి పని. రంగులన్నీ ముద్దలుగా ఉంటాయి, పొడి ఉండదు. ఒకరోజు మధ్యాహ్నం అగ్నిప్రమాదంలో చెవి పోయిన ఒకాయన కోసం రంగు కలుపుతుంటే, కుంచె కింద సరిగ్గా ఆ డాన్సర్ ఛాయ తేలింది. చేయి ఆగిపోయింది. ముందు కుంచె వణికింది, తర్వాత భుజాలు. మేస్త్రి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె అక్కకు ఫోన్ చేసింది. "అక్కా, ఏడుస్తున్నానే!"

"ఏడువు. ఆపకు. నేనొచ్చేదాకా ఆపావంటే చంపేస్తాను" అంది అక్క. దుకాణానికి తాళం వేస్తున్న చప్పుడు ఫోన్లో వినపడింది.

ఆ తర్వాత రుచులూ సంతోషాలూ ఒక్కొక్కటే, పొంతన లేకుండా, తిరిగి రావడం మొదలుపెట్టాయి. కొన్ని ఇంకా రాలేదు.

అప్పుడప్పుడూ ఆమె డాన్సర్ తల్లిని చూడటానికి వెళ్తుంది. ఆవిడ ప్రతిసారీ ఒకటే అడుగుతుంది: "వాడు ప్రశాంతంగానే పోయాడు కదమ్మా? ముఖం చూశావుగా, నిద్రపోతున్నట్టే ఉన్నాడు."

"అవునమ్మా" అంటుంది ఆమె. ఆ ప్రశాంతత తన కుంచె వేసినదని చెప్పదు. మాట్లాడుతున్నంతసేపూ, ఆ బీరువా కంటపడకుండా, అతని గది తలుపుకు వీపు పెట్టే కూర్చుంటుంది.