ఫెలిమోన్ చేతిలో తాడు

ఫెలిమోన్ తాడు పట్టాడంటే మా ఓడలో ఫొటోలు తీసే పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. అంటార్కిటికా నీళ్ళలో మునిగి వచ్చామని చెప్పుకోవడానికి జనం ప్రపంచం ఆ చివరి నుంచి ఈ చివరికి వస్తారు. నడుముకి పట్టీ కట్టించుకుంటారు, ఓడ పక్క గుమ్మంలోంచి దూకుతారు. తల పైకి తేలి, కెమెరా వైపు తిరిగేలోగానే ఇతను బరబరా లాగేస్తాడు. "ఒక్క సెకను ఆగితే మీ సొమ్మేం పోతుంది అంకుల్?" అని ఆ పిల్ల రబ్బరు పడవలోంచి అరుస్తూనే ఉంటుంది. ఇతను వినపడనట్టే ఉంటాడు. ఓడలో అందరూ 'తొందర' అని పేరు పెట్టారు. ఆ తొందర ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు మాలో ముగ్గురికి మించి లేరు.

ఫెలిమోన్‌ది ఇలోయిలో అనే ఊరు. ఆ ఊరివాళ్ళు తిట్టినా జోల పాడినట్టే ఉంటుందని మా ఫిలిప్పీన్స్‌లో అందరూ ఎగతాళి చేస్తారు. అందుకే అతనికి కోపమొచ్చిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నోట్లో నాలుక లేనివాడనుకునేవాళ్ళు. కానీ ఇరవై ఏళ్ళ వయసులో, చేపల పడవ మీద, వల దగ్గర గొడవొచ్చి ఒకణ్ణి తెడ్డుతో బాదాడు. దవడ పచ్చడైపోయింది. వాడు ఎలాగో బతికి బట్టకట్టాడు కనక ఇతనికి జైలు తప్పింది. తెడ్డు దిగబడినప్పుడు అరచేతికి తగిలిన మెత్తదనం మాత్రం ముప్ఫై ఏళ్ళయినా పోలేదు. అన్నం కలుపుతుంటే కూడా ఒక్కోసారి గుర్తొచ్చి చెయ్యి దులుపుకునేవాడు.

ఆ తొందర మొదలైన ఏడు మా బోసన్ రుపెర్తో. బోసన్ అంటే డెక్కు మీద పనివాళ్ళందరికీ మేస్త్రీ. బతంగాస్ మనిషి, ఎద్దు మెడ, నోటికంటే ముందు చెయ్యి లేచే రకం. నవంబరులో ఉషువాయా రేవు వదిలిన మొదటి వారమే, తాడు సరిగ్గా చుట్టలేదని, గుప్పిట్లో ఇనుప కొక్కెం ఉండగానే ఫెలిమోన్ మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి డెక్కు మీద పడింది.

"కొట్టకండి బోసన్, మిగిలినవి అన్నం తినడానికి కావాలి," అన్నాడు ఫెలిమోన్, నెత్తురు ఉమ్మేసి.

"ఏరా, తన్నులు తింటూ కూడా పాటే పాడతావా? ఇంకోటి వెయ్యనా, చరణం అందుకుంటావు?"

అదే మొదలు. వంగితే వీపు మీద, నిలబడితే మెడ మీద. జనవరిలో ఒక పొద్దున చాచిన అరచేత్తో కుడి చెవి మీద లాగి కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. చెవిలోంచి నెత్తురు కారి కాలరు తడిసింది. ఓడ డాక్టరమ్మ గ్రసియెలా అడిగితే నిచ్చెన మీంచి పడ్డానన్నాడు. సీజను చివర్లో రిపోర్టు రాసేది బోసనే మరి. అతను చెడ్డగా ఒక్క ముక్క రాస్తే ఓడల్లోకి మనుషుల్ని పంపే మనీలా ఏజెన్సీ వాళ్ళు మళ్ళీ పిలవరు.

ఆ రోజు నుంచి ఆ చెవి చచ్చిపోయింది. ఏటా ఓడెక్కే ముందు మనీలాలో పరీక్ష పెడతారు. చెవులకి గొట్టాలు తగిలించి, కూత వినపడిన వైపు చెయ్యెత్తమంటారు. ఈసారి కుడి చెయ్యి లేవదు. చెయ్యి లేవకపోతే ఓడ లేదు. యాభై ఏళ్ళవాడు, తెలిసిందల్లా తాళ్ళు, సముద్రం. మళ్ళీ ఆ చేపల పడవే, ఆ తెడ్డే. రాత్రనక పగలనక ఇదే తలుచుకుంటూ లోలోపల ఉడికిపోయాడు.

మార్చిలో ఆఖరి ట్రిప్పు. ప్రయాణికులంతా దూకడం అయ్యాక ఓడ పనివాళ్ళు కూడా దూకడం ఆ ట్రిప్పులో మా ఆనవాయితీ. ముందు రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర రుపెర్తో బల్ల చరిచాడు.

"రేపు నేను దూకుతున్నా. నా తాడు మా పాటగాడే పట్టాలి."

ఫెలిమోన్ చేతిలో ముద్ద ఉంది. ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటూనే వాణ్ణి చంపాలని నిర్ణయించుకున్నాడు. పెద్ద పనేం కాదు. ఊరికే నిలబడితే చాలు. ఆ నీళ్ళు మనిషిని మొదటి నిమిషంలోనే పడగొడతాయి. ఊపిరి గొంతులో ఇరుక్కుంటుంది, దవడలు తెరిచినవి తెరిచినట్టే బిగుసుకుంటాయి, అరవడానికి కూడా గొంతు లేవదు. పైనుంచి చూసేవాళ్ళకి నోరు తెరుచుకుని నవ్వుతున్నట్టే ఉంటుంది. ఆ నవ్వేమిటో తాడు పట్టేవాడొక్కడికే తెలుస్తుంది.

"ఏంటన్నా, ముసిముసి నవ్వులు?" అన్నాడు వడ్డిస్తున్న లిటో.

"పులుసు బాగా కుదిరింది తమ్ముడూ. ఇంకాస్త పొయ్యి."

మర్నాడు అరవై మందిని లాగాడు. ఒక్కరిక్కూడా ఆలస్యం చెయ్యలేదు. తరవాత రుపెర్తో వచ్చాడు, చొక్కా లేకుండా, గుప్పుమని బ్రాందీ వాసన కొడుతూ. పట్టీ బిగిస్తున్న ఫెలిమోన్‌ని ఆ చచ్చిన చెవి మీదే మళ్ళీ ఒకటి పీకాడు. పై డెక్కు మీద జనం అదేదో సరదా అనుకుని చప్పట్లు కొట్టారు.

"గట్టిగా కట్టరా. తెగితే నీ అంతు చూస్తా."

"తెగదు బోసన్."

దూకాడు. మంచుముక్కలు పక్కకి చెదిరాయి. తల పైకి తేలింది. నోరు బార్లా తెరిచి ఉంది, పళ్ళన్నీ కనపడుతున్నాయి. పైన నవ్వులు, ఈలలు. ఫొటోల పిల్ల బోసన్ పేరు పెట్టి పిలుస్తోంది.

ఫెలిమోన్ చూశాడు. అది నవ్వు కాదు. తాడు వదులు చేసి బూటు కింద తొక్కిపెట్టి లెక్కపెట్టడం మొదలెట్టాడు. నాలుగు దగ్గర రుపెర్తో కళ్ళు అతన్ని పట్టుకున్నాయి, ఇక వదల్లేదు. ఆరు దగ్గర ఒక చెయ్యి లేచి నీళ్ళని చరిచింది, పడిపోయింది.

"ఇంకాసేపు ఉంచన్నా, పొగరు దిగుద్ది," అని లిటో మెట్ల మీంచి కేకేశాడు.

తొమ్మిది. మొహం నీళ్ళలోకి వాలింది. ఫెలిమోన్ ఒళ్ళంతా ఆనందంతో జివ్వుమంది. అబద్ధమెందుకు, అలాగే జివ్వుమందని తనే చెప్పాడు నాతో. పది. తల మునిగింది. పదకొండు. బూటు కింద తాడు తనంతట తనే జారి, బిగుసుకుని, అరచేతికి తగిలింది. అవతల గింజుకోవడం లేదు. ఆ మెత్తటి బరువు అతనికి ఎరుకే. తెడ్డు దిగబడినప్పటి మెత్తదనమే అది. పై ప్రాణాలు పైనే పోయాయి. అరచేతుల తోలు లేచిపోయేలా లాగాడు.

పైకి చేర్చేసరికి రుపెర్తోకి ఊపిరి లేదు, నాడి లేదు. మొహం సీసం రంగు తిరిగింది. డాక్టరమ్మ అతని తల దగ్గర కూలబడి, "గుండె మీద నొక్కు," అంది. ఫెలిమోన్ నొక్కాడు.

"అలా కాదు. పాతిపెట్టినట్టు నొక్కు. ఎముకలు విరిగితే విరగనీ."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు విరుచుకుపడ్డాడు. పన్ను కోసం నొక్కాడు, చెవి కోసం నొక్కాడు, మెడ మీద పడిన ప్రతి దెబ్బకీ పేరు పెట్టి నొక్కాడు. పక్కటెముక ఒకటి ఫటుక్కుమంది. తరవాత ఇంకోటి. నోటికొచ్చిన బూతులన్నీ వాళ్ళ ఊరి మాటలోనే తిడుతున్నాడు: నీ తల పగల, నీ వంశం నాశనమవ, చావరా, లేవరా దొంగ సచ్చినోడా. పై డెక్కు మీద ఒక ముసలావిడకి అది ప్రార్థనలా వినపడింది కాబోలు, చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మ గుండెకి కరెంటు పెట్టి ఒక్క కుదుపు కుదిపింది. మళ్ళీ నొక్కమంది. అప్పటికి నాలుగో ఎముక కూడా పోయింది. ఉన్నట్టుండి రుపెర్తో ఉప్పునీళ్ళు, బ్రాందీ కలిపి భళ్ళున కక్కుకుని, దగ్గి, ఊపిరి తీశాడు.

"ఇంకెవరైనా అయితే జాలిపడి మెత్తగా నొక్కేవాళ్ళు. నువ్వు బతికించావు," అంది డాక్టరమ్మ. ఫెలిమోన్ కింద పడున్న తాడు తీసి చుట్ట చుట్టడం మొదలెట్టాడు.

రెండు రోజులకి, ఓడ ఉషువాయా వైపు ఊగిపోతూ వెళ్తుండగా, కెప్టెన్ అతన్ని ఆసుపత్రి గదికి పిలిపించాడు. చేతిలో ఫొటోలున్నాయి. వాటి మూలన టైము ఉంది.

"తల తేలాక పదకొండు సెకన్లు తాడు కదల్లేదు. ఎందుకని?"

ఫెలిమోన్‌కి ఓడ పోవడం ఒక్కటే కాదు, ఈసారి జైలు కూడా తప్పదని అర్థమైంది. మంచం మీంచి రుపెర్తో పలికాడు, ఒక్కో మాటకీ పక్కటెముకలు పట్టుకుంటూ.

"నేనే ఆపమన్నా సార్. పందెం కాశా. వీడి తప్పేం లేదు."

కెప్టెన్ ఫొటోలు జేబులో పెట్టుకున్నాడు. ఇంకేం అడగకుండా వెళ్ళిపోయాడు. కట్టు మార్చడానికి వచ్చిన డాక్టరమ్మ ఫెలిమోన్‌ని ఏదో అడిగింది. అతను రెండో చెవి తిప్పాడు.

"ఆ చెవికేమైంది?"

"చెప్పాగా డాక్టరమ్మా, నిచ్చెన..."

"నిచ్చెన కాదు," అన్నాడు రుపెర్తో కళ్ళు తెరవకుండా. "నా చెయ్యి."

ఆవిడ దీపం పెట్టి చెవిలోకి చూసి, పొర చిరిగింది, మూడు నెలల్లో అతుక్కోవచ్చు, మందిస్తానని చెప్పి లోపలికి వెళ్ళింది. గదిలో ఇద్దరే మిగిలారు.

"ఎందుకు అబద్ధం చెప్పారు బోసన్? మీరు నన్ను చూస్తూనే ఉన్నారు."

రుపెర్తో ఏదో గొణిగాడు. ఫెలిమోన్‌కి వినపడలేదు. వంగి, మంచి చెవి అతని నోటి దగ్గర పెట్టాడు.

"నేనూ లెక్కపెట్టాన్రా. నీ చోట నేనుంటే అసలు లాగేవాణ్ణే కాదు."

రుపెర్తో గుండె ఇంక ఓడలకి పనికిరాదన్నారు. బతంగాస్ వెళ్ళిపోయాడు. ఫెలిమోన్ చెవి జూన్‌కల్లా అతుక్కుంది, మనీలాలో కూత వినపడి చెయ్యెత్తాడు. మళ్ళీ ఓడెక్కాడు, మళ్ళీ తాడు పట్టాడు. నీళ్ళ మీదికి తల తేలిందంటే చాలు, లాగేస్తాడు. ఒకటి అని కూడా లెక్కపెట్టడు.