మూడో అంతస్తులో ప్రధాన సంఖ్య

మా ఆయన అబ్దుల్ రవూఫ్ లెక్కల మాస్టారు. నన్ను చూడడానికి వచ్చిన రోజు నా మొహం కంటే గోడమీది క్యాలెండరునే ఎక్కువసేపు చూశారని మా అమ్మ చివరిదాకా సణిగింది. సంఖ్య కనబడితే చాలు, దాన్ని ఏది భాగిస్తుందో తేలేదాకా ఆయనకి అన్నం సహించదు.

గవర్నర్‌పేటలో మేం అద్దెకుండే మూడో అంతస్తు ఇంటికి, ఏళ్ల తరబడి ఎదురుచూశాక, తొంభై నాలుగులో ఫోనొచ్చింది. నంబరు 524287. లైన్‌మన్ ఇంకా తీగ బిగిస్తుండగానే ఈయన కేకేశారు.

"నజీమా! మనకి ప్రధాన సంఖ్య ఇచ్చారే! ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దీన్ని నిశ్శేషంగా భాగించలేదు. అందులోనూ అరుదైన జాతి. పంతొమ్మిది రెండ్లు వరసగా గుణించి ఒకటి తీసేస్తే ఇదే వస్తుంది!"

"బాగానే ఉంది గానీ, ముందు మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యండి," అన్నాను.

పొరపాటున ఎవరైనా ఫోన్ చేస్తే, "రాంగ్ నంబరండీ, కానీ చాలా మంచి నంబరు" అని పావుగంట పాఠం చెప్పేవారు. నేను దానికి సవతి అని పేరు పెట్టాను.

తర్వాత నా మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కుతుంటే ప్రతి మలుపులో కూలబడేదాన్ని. పటమటలో తన ఇంటి కింది వాటా ఖాళీగా ఉంది, రమ్మని మా తమ్ముడు కరిముల్లా పోరేవాడు. ఈయన కదిలితేగా! అక్కడ ఎక్స్ఛేంజీ వేరు, నంబరు మారిపోతుందట. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. "అయితే ఆ నంబరుతోనే కాపరం చేసుకోండి!" అని అరిచాను, ఏడ్చాను.

రెండువేల రెండులో ఒక పొద్దున, ఆయన ట్యూషన్‌కి వెళ్లాక పేపరొచ్చింది. త్వరలో ఊళ్లోని ఫోన్ నంబర్లన్నిటికీ ముందు 2 చేరుతుందట. బియ్యం ఏరుతూ అంకెలు కూడాను. అంకెల మొత్తాన్ని మూడు భాగిస్తే సంఖ్యని కూడా భాగిస్తుందని ఆయన నేర్పిందే. పాతదానికి ఇరవై ఎనిమిది. రెండు కలిపితే ముప్ఫై, అంటే ఇక అది ప్రధాన సంఖ్యే కాదు! యా అల్లా, సవతి పీడ విరగడైంది! పేపరు మొహాన కొడదామని గుమ్మంలోనే కూర్చున్నాను.

ఆయన ఆయాసపడుతూ వచ్చారు. "టెలిఫోన్ ఆఫీసుకెళ్లొచ్చా. ఫోను పటమటకి మార్చమని అర్జీ ఇచ్చేశా."

"మరి నంబరండీ?"

"పోతే పోనీ. నిన్న నువ్వు రెండో మలుపులో గోడ పట్టుకుని కూలబడడం పైనుంచి చూశాను. ఇన్నాళ్లూ కళ్లెక్కడ పెట్టుకున్నానో! అలాంటి నంబరు మళ్లీ దొరకదు, నిజమే. నువ్వు మాత్రం దొరుకుతావా?"

నాకు ఏడుపు ఆగలేదు. పేపరు మడిచి బియ్యం డబ్బా వెనక్కి తోసేశాను.

టీ తాగుతూ అడిగారు. "ఇవాళ పేపరు రాలేదా?"

"రాలేదండీ," అన్నాను.

రేపు ఎవరో ఒకరు చెబుతారు, తెలుసు. చెప్పనీ. ఈ ఒక్క పూటకి, ఆయన నాకోసం వదులుకున్నది ఏదీ భాగించలేని సంఖ్యే.