అచ్చరాల బుక్కు

నా మెడలో వేలాడే కార్డు మీద 'ఇంటర్న్' అని ఉంది. ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషిని. మా బాన్సువాడలో ఒక డ్రాయింగు మాస్టారి ఇంటిని చిన్న ఆర్ట్ మ్యూజియంగా మార్చారు. వెనక రెండు గదుల్లో లైబ్రరీ పెట్టారు. పుస్తకాల క్యాటలాగు చేయడానికి మూడు నెలలకు ఇంటర్న్ కావాలని గేటుకు కాగితం అంటించారు. అందులో వయసు మాట లేదు. దరఖాస్తు పెట్టాను.

"కాలేజి పిల్లగాండ్లు చేసే పని నీకెందుకయ్యా?" అంది నా భార్య. మళ్లీ తనే, "పో, ఆడనన్న రాసుకో. ఇంట్ల ఉంటె నా పోపు డబ్బాల మీద పేర్లు రాస్తున్నవ్" అంది.

లైబ్రేరియన్‌ది పక్కనున్న వర్ని ఊరు, నా చిన్న కూతురి కంటే చిన్నది. మొదటి రోజే ఒక నియమం చెప్పింది. "అంకుల్, పుస్తకం మీద పేరు ఎలా ఉంటే అలాగే ఎక్కించాలండీ. తప్పున్నా సరే, మనం దిద్దకూడదు." ఆ సాయంత్రం డైరీలో రాసుకుని కింద గీత కూడా గీశాను.

మూడో నెలలో ఒక సోమవారం, పెద్ద కొడప్‌గల్ నుంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. వాళ్ల నాన్న ఈ ఊళ్లోనే దుకాణాల బోర్డులు రాసే పెయింటరట. ఆయన పోయాక సామానంతా ఆమె అన్న చిత్తు కాగితాల దుకాణానికి వేశాడు. ఆ దుకాణాయన, పుస్తకాలు మాత్రం మ్యూజియంకు ఇచ్చానని చెప్పాడట.

"మా అబ్బది అచ్చరాల బుక్కు ఉంటది సార్," అంది. "అ కాడికెల్లి బండి ర దాక పేజీకొక్కటి చేత్తోని రాసిండు. నేను టైలర్ దుకాణం పెడుతున్న. శుక్రవారం నమాజ్ అయినంక ఓపెనింగ్. మా ఇంటాయన ఫ్లెక్స్ కొట్టిద్దామంటుండు, నేను ఒద్దన్న. మా అబ్బ అచ్చరాలు చూసే రాయించాలె."

లైబ్రేరియన్ కంప్యూటర్లో 'అచ్చరాల' అని కొట్టింది. రాలేదు. ఆయన పేరుతో కొట్టింది. అదీ రాలేదు. పక్క కుర్చీలోంచి నేను అన్నాను: "ఆ పుస్తకం ఇక్కడ లేదమ్మా. ఈ బీరువాలన్నీ నేనే ఎక్కించాను. ఒక్కటీ తప్పిపోయే వీల్లేదు."

అయినా ఆమె బీరువాల వెంట నడిచింది. చిరిగిన వాటన్నింటికీ నేను ఖాకీ కాగితంతో అట్టలు వేసి, పైన గుండ్రంగా పేర్లు రాశాను. బడి అలవాటు. "అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి," అని గొణిగి, "ఇగ పొయ్యిందన్నట్టే" అంది. వెళ్లేముందు రిజిస్టరులో పేరు, ఊరు రాయించాను. ఫోను గడి ఖాళీగా ఉంచింది. ఫోను భర్త దగ్గర ఉంటుందట, నంబరు యాదికి లేదట.

ఆమె గేటు దాటినప్పటి నుంచి నాకు నిలకడ లేదు. అచ్చరాలు అన్న మాట ఆమె నోట వినడానికి ముందే ఎక్కడో చూశాను. ఎర్ర రంగులో చూశాను. ఇంటికి వెళ్లాక కూడా వసారాలోంచి వంటింటికి, వంటింట్లోంచి వసారాకు తిరుగుతూనే ఉన్నాను.

"ఏం పోగొట్టుకున్నవయ్యా? గడప అరిగిపోతది, జర కూసో," అంది నా భార్య.

మంగళవారం మ్యూజియంకు సెలవు. పొద్దున్నే డైరీ తీసి, చేరిన రోజు నుంచి చదువుతూ వచ్చాను. రెండో వారంలో దొరికింది. "నల్ల అట్ట, చేతిరాత. ఎర్ర రంగుతో 'అచ్చరాల బుక్కు' అని ఉంది. రాసినవారి పేరు లేదు. అట్ట చిరిగింది. ఖాకీ కాగితం వేసి 'అక్షరాల పుస్తకం' అని సరిచేశాను."

నియమం కింద గీసిన గీత నాలుగు పేజీల ముందే ఉంది. అది అచ్చు పుస్తకాలకే అనుకున్నానేమో, ఇది చదువురాని చెయ్యి చేసిన పొరపాటు అనుకున్నానేమో. ఎందుకైనా మంచిదని నిఘంటువు తెరిచాను. అచ్చరము ఉంది. అక్షరానికి వికృతి. ప్రకృతి వికృతుల పాఠంలో ఏటేటా నల్లబల్ల మీద నేనే రాసిన మాట.

లైబ్రేరియన్‌కు ఫోన్ చేశాను. "రేపు చూద్దాం అంకుల్, పుస్తకం ఎక్కడికీ పోదుగా," అంది. పుస్తకం పోదు, కానీ శుక్రవారం వచ్చేస్తుంది. రెండుసార్లు వెళ్లి మ్యూజియం తాళం చూసి వచ్చాను.

బుధవారం గది తెరవగానే తీశాను. లిపుల బీరువాలో, రెండో అరలో ఉంది. బయటకు ఇవ్వడానికి లేదని లైబ్రేరియన్ చెప్పింది. ఆమెకు కబురు చెప్పడానికి పెద్ద కొడప్‌గల్ బస్సెక్కాను. పిట్లంలో బస్సు చాలాసేపు ఆగింది. దిగి డ్రైవరును రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆయన టీ గ్లాసు చూపించాడు.

ఊళ్లో అడుగుతూ వెళ్లేసరికి ఆమె దుకాణం ముందు నిచ్చెన వేసి ఉంది. ముసలి పెయింటరొకడు తెల్ల బోర్డు మీద సుద్దతో గీతలు కొడుతున్నాడు. ఆమె నన్ను చూసి బయటకు వచ్చింది.

"పుస్తకం ఉందమ్మా. నేనే పేరు మార్చి ఎక్కించాను."

"ఏమని మార్చిండ్రు?"

"అక్షరాల పుస్తకం అని."

"అంటే, నేను బుక్కు పక్కపొంటి నిలవడి, పొయ్యిందని ఏడ్చుకుంట పోయిన్నా?"

నిచ్చెన మీంచి పెయింటరు నవ్వాడు. "పంతుళ్లతోని గిదే లొల్లి బిడ్డా. మొన్నొకాయన నా బోర్డు కింద నిలవడి మార్కులేసిండు."

ఆమె నవ్వలేదు. "గా గీతలు తుడువు చాచా, రేపు రాద్దువు," అని లోపలికి వెళ్లి బుర్ఖా వేసుకుని వచ్చింది. బస్సులో ముందు సీట్లో కూర్చుంది. బాన్సువాడ వచ్చేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

లైబ్రరీలో ఖాకీ కాగితం తనే విప్పింది. ఎర్ర అక్షరాల మీద చెయ్యి పెట్టింది.

"మా అబ్బ బడికి పోలె సార్. దుకాణపోళ్లు కాయితం మీద రాసిస్తె, అది చూసుకుంట బోర్డు మీద గీస్తుండె. ఇంటికొచ్చి అవే అచ్చరాలు గీ బుక్కుల దించుకుంటుండె. ఈ పేరొక్కటే ఎవ్వల్ని అడగకుంట, దేన్నీ చూడకుంట సొంతంగ రాసిండు. రాసి మా అమ్మకు చదివి వినిపిచ్చిండు."

నేను ఖాకీ కాగితం తీసి మడతలు పెట్టాను. లైబ్రేరియన్ ఒక్కో పేజీకీ ఫోటో తీసి, ఆమె చీటీ మీద రాయించుకొచ్చిన పెయింటరు నంబరుకు పంపింది. టైలర్‌కు కావాల్సిన 'ట' వచ్చినప్పుడు ఆమె ఇంకోటి తీయమంది.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "శుక్రవారం రాండ్రి సార్. బోర్డుల తప్పులుంటె మనసుల చదువుకొని ఊకోండ్రి." అప్పుడు నవ్వింది.

క్యాటలాగులో పేరు మార్చాను. 'అచ్చరాల' కింద కంప్యూటర్ ఎర్రగీత వేసింది. అట్లాగే ఉంచాను.

వచ్చే వారంతో నా మూడు నెలలు పూర్తవుతాయి. ఇంకో నెల కావాలని అడిగాను. డైరీలో 'సరిచేశాను' అని రాసిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెడుతున్నాను. పేజీ తిప్పితే ఇంకొకటి కనిపిస్తోంది. ముప్పై నాలుగేళ్లు పిల్లల నోటుబుక్కుల్లో దిద్దినవాటికైతే డైరీలో జాడే లేదు. ఈ పొద్దున పదకొండో పుస్తకానికి ఖాకీ కాగితం విప్పాను.