గోలీ గారి ముసుగు

ఏ ఊరికైనా వరద వస్తే దేవుణ్ణి తిట్టుకుంటారు, కరువొస్తే ప్రభుత్వాన్ని తిట్టుకుంటారు. అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు కాస్త ఇవతల ఒక ఊరుంది. ఆ ఊరివాళ్ళు మాత్రం తమకొచ్చిన ఆపదకు నన్ను తిట్టుకుంటారు. ఆ ఆపద ఏమిటో, అందులో నా చెయ్యి ఎంత ఉందో ఇప్పుడు చెప్తాను. మీరు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ మీలో ఆ ఊరివాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడితో చదవడం ఆపెయ్యండి.

డెబ్బై ఎనిమిది వేసవిలో అక్కడి అల్యూమినియం ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాను. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. నేనూ మా ఆవిడ కామేశ్వరీ డోరతీ అనే పెద్దావిడ ఇంట్లో మేడ మీద భాగం అద్దెకు తీసుకున్నాం. ఆవిడ భర్త పోయాడు. కింద ఒక్కతే ఉండేది.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. నేను పుట్టుకతో అనుమానపు పక్షిని. చెప్పులు కొంటే రెండూ ఒకే కాలివి ఇచ్చాడేమోనని దుకాణం మెట్ల మీదే తొడిగి చూసుకునేవాణ్ణి. అనుమానం పెనుభూతమని అందరూ భయపడతారు. నేను ఆ భూతానికి పీట వేసి కాఫీ ఇచ్చే రకం.

చలి మొదలవుతుండగా డోరతీ ఇంట్లోకి ఒక కుర్రాడు దిగాడు. పేరు డేల్. పంతొమ్మిదేళ్ళుంటాయి. తాటిచెట్టంత మనిషి, ముందు పళ్ళు లేవు, కంటి కింద కమిలిన మచ్చ. మనిషిని మడిచి పెట్టగలిగినంత పెద్ద సంచి ఒకటి భుజాన వేసుకుని దిగాడు.

"డేల్ హాకీ ఆడతాడు, మిస్టర్ రావ్," అంది డోరతీ మురిసిపోతూ. "మన ఊరికి జూనియర్ టీమ్ వచ్చింది కదా. ఆ కుర్రాళ్ళని ఊళ్ళో వాళ్ళం తలా ఒకరిని ఇంట్లో పెట్టుకుంటున్నాం."

ఆ జట్టు చరిత్ర కూడా ఆవిడే చెప్పింది. దాని పేరు గీస్, అంటే బాతులు. పుట్టింది కెనడాలో, గోధుమ పొలాల మధ్య ఒక పిండిమిల్లు ఊళ్ళో. మిల్లు మూతపడింది. ఒక చలికాలం మంచు బరువుకి ఆట స్థలం పైకప్పు కూలింది. జనం రావడం మానేశారు. అప్పుడు జట్టు ఓనరు, ట్రాక్టర్లు అమ్ముకునే ఆయన, కుర్రాళ్ళందరినీ బస్సెక్కించి సరిహద్దు దాటించి మా ఊరికి తెచ్చాడు. పశువుల సంత జరిగే పెద్ద షెడ్డు వాళ్ళకి ఇచ్చారు.

ఇది విని మీరైతే జాలిపడతారు. నేను మాత్రం ఇంకోలా ఆలోచించాను. స్వదేశంలో నిలవలేక రాత్రికి రాత్రి సరిహద్దు దాటి, పశువుల షెడ్డులో దాక్కుని, ఇంటికొకరు చొప్పున సర్దుకున్న మనుషుల్ని మా వైపు ఏమంటారో మీకు తెలుసు. రాత్రికి రాత్రి అని డోరతీ అనలేదు. అది నేను కలుపుకున్నాను.

పైగా హాకీ అంటే నాకు తెలియనిదా. గుంటూరులో చదివేటప్పుడు కాలేజీ జట్టులో ఉన్నాను. రిజర్వు ఆటగాణ్ణే అనుకోండి, అయినా హాకీ మన దేశపు ఆట. అందుకని మర్నాడు డేల్‌ని పెరట్లో పట్టుకున్నాను.

"హాకీలో నీది ఏ పొజిషన్?"

"గోలీని, సర్."

గోలీ అంటే మనకు పిల్లలాడుకునేది, లేదంటే జ్వరమొస్తే మింగేది. "గోల్‌కీపరువా?" అన్నాను.

"అదే సర్. మీరూ ఆడేవారా? స్కేటింగ్ బాగా వచ్చా?"

"హాకీకీ స్కేటింగ్‌కీ సంబంధం ఏమిటి? సరే, మీ గ్రౌండ్‌లో గడ్డి ఎలా ఉంది?"

"గడ్డి ఉండదు సర్. ఐస్ మీద ఆడతాం."

"బంతి?"

"బంతి కూడా ఉండదు. నల్లగా బిళ్ళలా ఉంటుంది. పక్ అంటారు."

ఆఖరి పరీక్ష పెట్టాను. "ఒలింపిక్స్ హాకీలో ఇండియాకి ఎన్ని బంగారు పతకాలు వచ్చాయో తెలుసా?"

వాడు చాలా మర్యాదగా అడిగాడు. "ఇండియాలో ఐస్ ఉంటుందా సర్?"

నేను మేడ ఎక్కి కామేశ్వరికి చెప్పాను. "వాడు హాకీ ఆటగాడు కాదు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు బంతి లేదు, గడ్డి లేదు, మూతిలో పళ్ళు లేవు, ఆట పేరు మాత్రం హాకీ. ఏదో దాస్తున్నాడు."

"ఐస్ మీద ఆడతారేమోనండీ. ఇక్కడివాళ్ళ పద్ధతులు మనకేం తెలుసు?"

"నిన్న నేను గుమ్మం నుంచి కారు దాకా ఐస్ మీద నడవలేక పాకుతూ వెళ్ళాను. మనిషి నిలబడలేని చోట హాకీ ఆడతారా?"

"పోనీ ఒకసారి వెళ్ళి చూసి రండి. డోరతీగారు టికెట్ ఇస్తానంటున్నారు."

"దొంగవాడే పిలిచి గుహ చూపిస్తానంటే వెళ్తామా?" అన్నాను. కామేశ్వరి కింద డేల్‌కి గిన్నెడు పులిహోర ఇచ్చి వచ్చింది. పళ్ళు లేకపోయినా ఒక్క మెతుకు మిగల్చలేదట.

మా ముందుగదిలో, నేల దగ్గర, గోడకి ఒక ఇనుప జాలీ ఉండేది. కింది నుంచి వేడిగాలి దాంట్లోంచి వచ్చేది. గాలితో పాటు డోరతీ హాల్లో ఫోన్ మాటలు కూడా వచ్చేవి. చలికాలమంతా నేను ఆ జాలీ పక్కనే బోర్లా పడుకున్నాను. చలికని కామేశ్వరికి చెప్పాను.

డేల్ కోచ్‌తో మాట్లాడేవాడు. కోచ్ పేరు మెక్‌గ్రా. ఒకరోజు, "మూడోదాంట్లో రెండింటిని కిల్ చేశాం," అన్నాడు. ఇంకోరోజు, "కెన్నీని ట్రేడ్ చేసేశారా? వాడికి బదులు ఎవర్ని ఇచ్చారు?" అని అడిగాడు. మరోరోజు, "ఆ పొడుగాటివాణ్ణి ముందు పడగొట్టాలి, లేకపోతే నా మీదికొస్తాడు," అన్నాడు.

"విన్నావా?" అన్నాను. "చంపుతున్నారు. మనుషుల్ని మారకం వేస్తున్నారు. మనం ఉన్నది ముఠా నెత్తిమీద. రేపు వీళ్ళు పట్టుబడితే పైవాళ్ళని కూడా అడుగుతారు. నా వీసా కాగితాలు ఇంకా తేలలేదు. ఇద్దరం గుంటూరు బండెక్కాల్సిందే."

"ఆ గోలీ మంచివాడేనండీ. నిన్న మన మెట్ల మీద పడ్డ మంచు అంతా వాడే తవ్విపోశాడు."

"పారిపోవడానికి దారి చేసుకుంటున్నాడు."

ఇలా మార్చి వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం బట్టలు ఉతకడానికి నేలమాళిగలోకి దిగాను. వాషింగ్ మెషీన్ ఇద్దరికీ ఉమ్మడి. పక్కన వేడినీళ్ళ ట్యాంకు మీద ఆరబెట్టి ఉంది ఒక ముసుగు. తెల్లగా, పుర్రెలాగా, కళ్ళకి రెండు కంతలు, గడ్డం దగ్గర ఎండిన రక్తం.

నా మనసు గంతులేసింది. చలికాలమంతా జాలీ పక్కన పడుకున్నందుకు ఫలితం దక్కింది. ముసుగుని కూరల సంచిలో పడేసి పైకొచ్చాను.

"ఏమిటది?" అంది కామేశ్వరి.

"సాక్ష్యం. బ్యాంకులు కొట్టేటప్పుడు తొడుక్కునేది."

"ఆ గోలీదా? అడిగి తెచ్చారా?"

"సాక్ష్యాన్ని అడిగి తెస్తారా ఎవరైనా?"

"మీరు తిన్నగా ఉన్నచోట పెట్టేసి రండి," అందావిడ. ఆ మాట విని ఉంటే ఈ కథ రాసే అవసరం నాకూ, చదివే అవసరం మీకూ ఉండేది కాదు. నేను కారు తీసుకుని, ఎవరైనా వెంటపడతారేమోనని రెండు గంటలు ఊరి చుట్టూ తిప్పి, షెరీఫ్ ఆఫీసుకి, అంటే అక్కడి ఠాణాకి, వెళ్ళాను.

అక్కడ డిప్యూటీ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద రేడియో గోలగోలగా మోగుతోంది. దాని మీద నుంచి చెవి తియ్యకుండానే కూర్చోమన్నాడు.

"మా ఇంటి కింద ఒక ముఠా ఉంది," అన్నాను. "ఇదిగో వాళ్ళ నాయకుడి ముసుగు."

డిప్యూటీ సంచిలోకి చూశాడు. కాఫీ కప్పు కింద పెట్టాడు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"ఇది డేల్ మాస్క్," అన్నాడు.

"చూశారా, మీకు ముందే తెలుసన్నమాట."

"గంట నుంచి ఊరంతా దీనికోసం వెతుకుతోంది. నిన్ను ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. పౌరుడిగా నా ధర్మం."

"నది అవతలి ఊరివాళ్ళా? నిజం చెప్పు. ఈరోజు ఆట వాళ్ళతోనే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని విన్నాను. గుమ్మడికాయని సంచిలో వేసుకుని తిన్నగా ఠాణాకి మోసుకొచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయుంటాను. నా భుజం పట్టుకుని ఆయన తన కారెక్కించాడు. సైరన్ వేశాడు. ఆ మోతలో అరుస్తూ అసలు సంగతి చెప్పాడు. ముసుగు డేల్ ముఖానికి అచ్చు తీసి చేసింది, ఇంకోటి పట్టదు. అది లేకుండా పక్ తగిలితే పళ్ళతో పోదు. ఇవాళ గెలిస్తేనే జట్టుని ఈ ఊళ్ళో ఉంచుతానని ఓనరు అన్నాడు. ఓడితే వెనక్కి కెనడాకే. డేల్ బదులు గోల్‌లో నిలబడ్డ పిల్లవాడు అప్పటికే అయిదు గోల్స్ ఇచ్చుకున్నాడు.

పశువుల షెడ్డులోకి నన్ను నెట్టుకుంటూ తీసుకెళ్ళాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. మా ఫ్యాక్టరీ వాళ్ళున్నారు. ముందు వరసలో డోరతీ ఉంది. మధ్యలో అద్దంలాంటి ఐస్. దాని మీద కత్తులు బిగించిన బూట్లతో మనుషులు నిజంగానే పరుగులు తీస్తున్నారు, చేతుల్లో నిజంగానే హాకీ కర్రలు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ముందుకొక అడుగు వేశాను. ఆ అడుగు ఐస్ మీద పడింది. నేనొక వైపుకి, ముసుగొక వైపుకి జారాం. ముసుగు తిన్నగా వెళ్ళి డేల్ కాళ్ళ దగ్గర ఆగింది. నేను కాస్త ఆలస్యంగా చేరాను.

మైకులో ఎవరో అన్నారు. "డేల్ మాస్క్ దొరికింది. తీసుకెళ్ళిన పెద్దమనిషి కూడా దొరికాడు."

ఆ ఊరు నన్ను అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత డేల్ ఆడిన ఆట నేను మరిచిపోలేను. పిల్లిలా వంగి, పామైపోయి, గోడైపోయి ఒక్క పక్‌ని లోపలికి రానివ్వలేదు. మావాళ్ళు ఒక్కొక్క గోలే తీర్చుకుంటూ వచ్చారు. నేను డిప్యూటీ పక్కన కూర్చుని గొంతు పోయేలా అరిచాను. కిల్ చెయ్యడమంటే మనవాడు శిక్షపడి బయట కూర్చున్నంతసేపూ గోల్ పడకుండా ఆపడమనీ, ట్రేడ్ అంటే ఆటగాణ్ణి వేరే జట్టుకి మార్చుకోవడమనీ ఆయనే చెప్పాడు. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. షెడ్డు ఖాళీ అయ్యేటప్పుడు డోరతీ నా పక్క నుంచే వెళ్ళింది. పలకరించలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా తలుపు ఎవరో తట్టారు. డేల్, కోచ్ మెక్‌గ్రా. కొడతారనుకుని కామేశ్వరి వెనక నిలబడ్డాను.

"సారీ డేల్," అన్నాను. "నిన్ను తప్పుగా అనుకున్నాను."

"మేమూ అంతే సర్," అన్నాడు వాడు తల దించుకుని. "ఆ జాలీలోంచి మీ మాటలు కిందికి వినిపించేవి. మీ భాష తెలీదు గానీ రోజూ హాకీ, గోలీ, గోలీ అనేవారు. మీరు అవతలి టీమ్ గూఢచారి అని కోచ్‌కి నేనే చెప్పాను."

"అందుకే మా వ్యూహాలు ఫోన్‌లో మాట్లాడటం మానేశాం," అన్నాడు మెక్‌గ్రా. కుర్చీలో కూర్చుని టోపీ చేతుల్లో తిప్పాడు. "మిస్టర్ రావ్, మీకొక మాట చెప్పాలి. గెలిచినా మేం వెళ్ళిపోయేవాళ్ళమే. ఓనరు సంక్రాంతి..." క్షమించండి, ఆయన ఆ మాట అనలేదు, జనవరి అన్నాడు. "జనవరిలోనే నిర్ణయించేశాడు. అక్కడ కొత్త పైకప్పు వేశారు. ఊరికి చెబితే జనం రారని దాచాం."

నా గుండె మీద నుంచి బండ దిగింది. "అయితే ఈ సంగతి అందరికీ చెప్పండి."

"అక్కడే ఇబ్బంది. ఓనరు మోసం చేశాడని తెలిస్తే ఈ ఊరి మనసు విరిగిపోతుంది. మా కుర్రాళ్ళని కన్నబిడ్డల్లా చూశారు. మీవల్ల పోయిందనుకుంటే..." ఆయన మొహమాటంగా దగ్గాడు. "కొన్నాళ్ళు కోప్పడి ఊరుకుంటారు. మీకు అభ్యంతరం లేకపోతే ఇలాగే వదిలేద్దాం."

నేను నోరు తెరిచేలోపు కామేశ్వరి, "ఆయనకేం అభ్యంతరం లేదు," అంది. డేల్‌కి దారిలో తినడానికి పులిహోర కట్టిచ్చింది.

గీస్ వెళ్ళిపోయాయి. కొన్నాళ్ళన్న కోపం అయిదేళ్ళు నడిచింది. మంగలి నా జుట్టు ఒక పక్కే బాగా కత్తిరించేవాడు. డోరతీ ఒక్కతే త్వరగా మెత్తబడింది. ఆవిడకు నిజం చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చేది. కానీ నాకప్పుడు కొత్త అనుమానం పట్టుకుంది. మెక్‌గ్రా చెప్పింది నిజమేనా, లేక నన్ను ఓదార్చడానికి అల్లాడా? ఇప్పటికీ తేలలేదు.

ఎనభై నాలుగులో ఉద్యోగం మారి ఇల్లినాయ్ వచ్చేశాం. ఆ మరుసటేడు అరోరాలో ఒకరింట్లో తెలుగువాళ్ళందరం భోజనాలకి కలిశాం. ఆ ఫ్యాక్టరీ ఊళ్ళో కొన్నాళ్ళు పనిచేసి వచ్చిన డాక్టరుగారు ఒకాయన అందరికీ కథ చెప్తున్నాడు.

"ఆ ఊళ్ళో ఐస్ హాకీ టీమ్ ఉండేదటండీ. మనవాడే ఎవరో గోల్‌కీపర్ మాస్క్ దొంగిలించి టీమ్‌ని కెనడాకి తరిమేశాడట. సత్యనారాయణ అని ఎవరో."

ప్రాణం లేచొచ్చింది. "ఎలాంటివాళ్ళుంటారండీ లోకంలో," అన్నాను నేను కూడా విచారంగా.

కామేశ్వరి డాక్టరుగారి విస్తట్లో వడియాలు వేస్తూ అంది. "సత్యనారాయణ కాదండీ, సూర్యారావు. ఇదిగో, మీ పక్కన కూర్చున్నారు."

ఆ పూట ఆ భోజనాల సాక్షిగా, నా చేతిలో ఉన్న పెరుగన్నం సాక్షిగా నిలబడి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ మనిషినీ అనుమానించను, ఎవరి ముసుగూ తియ్యను, ఏ జాలీకీ చెవి ఆనించను. ఈ ప్రమాణం నేను నిలబెట్టుకుంటానా అని మా ఆవిడకి అనుమానం.