పన్నా లేని టమాటా నారు

మాది రాజమండ్రిలో బట్టల కొట్టు. ఎండ సరుకుకు శత్రువని వింటూ పెరిగాను. పొద్దున వాకిట్లో ఎండ పడగానే నాన్న పరదా దించేవారు. నీడ తిరిగాకే మళ్లీ ఎత్తేవారు. ఎండ తగిలిన చీర మడత దగ్గర వెలిసిపోతుంది. వెలిసిన చీరను ఎంత మాటకారి అయినా అమ్మలేడు. కొట్టు నా చేతికి వచ్చాక పరదా కూడా నా చేతికే వచ్చింది. టమాటా నారు దగ్గర నన్ను ముంచింది ఆ పరదాయే.

విత్తనాలు మా అక్కవి. అక్కను గోదావరి మధ్యనున్న లంక ఊరికి ఇచ్చారు. అక్కడ వాళ్ల పెరట్లో నాటు టమాటా కాసేది. చిన్న కాయ, ఒళ్లంతా గాడులు, చూపుకు ఆనదు. పప్పులో నాలుగు వేస్తే చింతపండు అక్కర్లేదు. వరదలకు గట్టు కోసుకుపోయి ఆ పెరడు ఏట్లో కలిసింది. అక్కా బావా మా వీధిలోనే అద్దె వాటాలోకి వచ్చారు. డాబా మీద కుండీలు పెట్టుకోవచ్చని ఇంటివాళ్లు అన్నారట. సామాన్లు సర్దుకునేదాకా నారు ఎవరు పోస్తారన్న మాట వచ్చింది. నేను పోస్తాను, సగం మొక్కలు నాకు, అన్నాను. తోబుట్టువు దగ్గర కూడా బేరం ఆడకుండా ఉండలేను.

అక్క బూడిదలో కలిపిన గింజల మూట నా చేతిలో పెట్టింది.

"ఇవే ఉన్నాయిరా. ఇవి పోతే ఆ పులుపు పోయినట్టే."

బయట ముసురు పట్టి ఉంది. వానకు కొట్టుకుపోతాయని గింజలన్నీ ఒక థర్మోకోల్ పెట్టెలో చల్లి, కొట్లో గల్లాపెట్టె పక్కన ట్యూబులైటు కింద పెట్టాను. మొలిచాయి. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా తెలిసేంతగా సాగాయి. మా వ్యాపారంలో పొడుగుకే కదా విలువ. చీర చూడవచ్చిన వాళ్లకు ముందు నారు చూపించి మురిసిపోయేవాణ్ణి. ముసురు విడిచాక కూడా పెట్టె అక్కడే ఉంది, పరదా దిగే ఉంది.

మా ఆవిడ ఒకరోజు వంగి చూసింది. "ఏమండీ, ఇవి మొక్కలా, మిషన్ దారాలా?"

ఎదిగే వయసులో పిల్లలు కూడా ఇలాగే సన్నగా సాగుతారని సమాధానం చెప్పాను. ఆ వారంలోనే పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడుకోవడం మొదలుపెట్టారు.

అక్క వస్తున్నానని ఫోన్ చేసింది. గబగబా అగరుపుల్లలు గుచ్చి మొక్కల్ని నిలబెట్టాను. బాగున్న వైపు వాకిలికి తిప్పాను. చిరుగున్న చీరను మడత పెట్టి చూపించే విద్య ఎక్కడికి పోతుంది? ఎంత ఏపుగా వచ్చాయో చూడమన్నాను. కానీ అక్కా ఆ కొట్లో పుట్టిన మనిషే. ఒక కాడను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, గుడ్డను చూసినట్టు చూసింది.

"పొడుగు బానే ఉందిరా. పన్నా ఏదీ?"

అంత పొడుగుండీ పన్నా, అదే వెడల్పు, లేని గుడ్డ దేనికీ పనికిరాదని నాకు వేరే చెప్పాలా? ధర తగ్గించి ఇస్తాలే అన్నాను. అక్క నవ్వలేదు. దించిన పరదా వంక చూసి, నా వంక చూసి, స్టూలు మీద కూర్చుండిపోయింది. ఎండ తగలకే కాడలు అలా సాగాయని అప్పుడు తెలిసింది.

స్టూలు మీంచే లంక సంగతి ఎత్తింది. వరదనీరు పెరట్లోకి పలచగా వచ్చి తీసినప్పుడు మొక్కలు ఒరిగిపోయి, కాడలు ఒండ్రులో కూరుకుపోయేవట. కూరుకున్నంత మేరా కాడే వేళ్లు వేసేదట. "వీటినీ మెడదాకా పాతేద్దాం. బతికినవే మనవి."

పాలప్యాకెట్లకు అడుగున చిల్లులు పొడిచి మట్టి నింపాం. కింది ఆకులు గిల్లి, కాడను ఏటవాలుగా పడుకోబెట్టి, కొస ఆకులు మాత్రం పైకి కనిపించేలా కప్పాం. నేను మురిసిపోయిన పొడుగంతా మట్టిలోకి పోయింది. కొన్నాళ్లు నీడలో ఉంచి, తర్వాత కొట్టు వాకిట్లో పొద్దుటి ఎండకు కొంచెం కొంచెంగా అలవాటు చేయమంది. గాలి తగిలినట్టుండాలని రోజూ చేత్తో నిమరమంది. గుడ్డను నిమిరే చెయ్యి కనుక ఆ పని ఒక్కటీ నేర్చుకోకుండానే వచ్చింది.

మొక్కలకు ఎండ కావాలంటే పరదా ఎత్తాలి. అద్దాల బీరువాలో చీరలు లోపలికి సర్ది, ఎత్తాను. తీయడం మరిచిన ఒకటి మడత దగ్గర వెలిసింది. దాన్ని ప్రేమగా తెచ్చానని మా ఆవిడకిచ్చాను. ఆవిడ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, దానితో దిండు గలీబులు కుట్టించింది.

నారులో చాలా భాగం కుళ్లిపోయింది. మిగిలినవి మెల్లగా కాడ లావయ్యి, పుల్లల సాయం లేకుండా నిలబడ్డాయి. నా సగం వాటా మాట నేను ఎత్తలేదు. అన్నీ అక్క డాబా మీదికే చేరాయి.

చలి ముదిరాక కబురొచ్చింది. వెళ్లేసరికి ఒక్క కాయ పండి ఉంది. చెయ్యి చాపితే అక్క నా చెయ్యి మీద కొట్టింది. పండు చీల్చి, గింజలు బూడిదలోకి పిండి, ఆరబెట్టడానికి రెండు ఆకుల్లో పరిచింది. ఒకటి నాకట, ఒకటి తన దగ్గరే ఉంటుందట. ఈసారి అన్నీ ఒక్కడి చేతిలో పెట్టనని చెప్పి, మిగిలిన గుజ్జు నా నోట్లో పెట్టింది.

"ఎలా ఉందిరా?"

సరుకు ఏదైనా ముందు వంక పెట్టడం నాకు అలవాటు. నోరు తెరిచాను. ఆ పాత పులుపుకే పళ్లు పులిసిపోయి, వంక పెట్టాల్సిన నోరు లొట్ట వేసింది.